పాము ముందు నిలబడే ఉడుత

అందరికీ నమస్కారం అండీ. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇవాళ నేను చెప్పబోయే జంతువుని మీరంతా చూసే ఉంటారు. మన శాన్ ఫ్రాన్సిస్కో బే చుట్టుపక్కల, ఫ్రీమాంట్ వాళ్ళు కయోటీ హిల్స్‌కి వెళ్ళినప్పుడు, మిషన్ పీక్ ఎక్కినప్పుడు, మౌంటెన్ వ్యూ వాళ్ళు షోర్‌లైన్ పార్క్‌లో నడిచేటప్పుడు, ఇంకా మాంటెరే వైపు సముద్రం ఒడ్డున రాళ్ళ మధ్యలో, గడ్డి రంగులో కలిసిపోయి నిటారుగా నిలబడి మనల్నే చూస్తూ ఉంటుంది చూడండి, అదే. కాలిఫోర్నియా గ్రౌండ్ స్క్విరెల్. మనవాళ్ళు ఫోటో తీస్తారు, రెండు పల్లీలు వేస్తారు, ముందుకి వెళ్ళిపోతారు. కానీ ఈ కొండల మీద జరిగే అసలు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది, అది చెప్దామనే ఇవాళ వచ్చాను.

ముందు గుర్తుపట్టడం. మన ఊళ్ళో ఉడుత అంటే వీపు మీద చారలు, జామచెట్టు, గోడ మీద పరుగు. ఇది అది కాదు, దీనికి చారలుండవు. గోధుమ, బూడిద కలిసిన ఒళ్ళు, దాని మీద తెల్లటి మచ్చలు చల్లినట్టు ఉంటాయి, భుజాల దగ్గర రెండు వైపులా తెల్లగా, మధ్యలో ముదురు రంగు, కంటి చుట్టూ తెల్లటి రింగు. తోక గుబురుగానే ఉంటుంది కానీ చెట్ల మీద తిరిగే ఉడుతలకి ఉన్నంత కాదు. బరువు అరకిలో అటూఇటూ. వీటన్నిటికంటే తేలికైన గుర్తు ఒకటుంది, భయపడితే ఎటు పరిగెడుతుందో చూడండి. చెట్టు మీదకి పోతే మామూలు ఉడుత, నేలలో కన్నంలోకి దూరితే ఇది. చెట్టెక్కడం రాదని కాదు, ఎక్కుతుంది, ఓక్ కాయలు కోసుకుంటుంది కూడా, కానీ ప్రాణం మీదకి వస్తే మాత్రం నేలనే నమ్ముకుంటుంది.

శాస్త్రీయ నామంలో బీచీ అని ఒక మాట వస్తుంది. 1826లో బ్లాసమ్ అనే ఓడలో శాన్ ఫ్రాన్సిస్కో బేకి వచ్చిన ఫ్రెడరిక్ బీచీ అనే బ్రిటిష్ నేవీ కెప్టెన్ పేరది, 1829లో పెట్టారు. ఇక్కడి మూలవాసులు ఓలోనీ ప్రజలు అంతకు ముందు వేల ఏళ్ళుగా ఈ కొండల్లో వీటి మధ్యే బతికారు కాబట్టి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, యూరప్ పుస్తకంలోకి ఎక్కింది, అంతే.

ఇక దాని బతుకు. గుంపులుగా ఉంటాయి, కానీ కలిసి ఒకే గదిలో పడుకునే రకం కాదు, ఎవరి ద్వారం వాళ్ళదే అన్నట్టు ఉంటుంది వ్యవహారం. బొరియ మామూలుగా రెండు నుంచి నాలుగు అడుగుల లోతులో పోతుంది, పొడవు మాత్రం ఐదడుగుల నుంచి ముప్పై అడుగుల పైదాకా ఉండొచ్చు, ఏళ్ళ తరబడి తవ్వుతూ పోతే ఒకదానికొకటి కలిసిపోయి ఇంకా చాలా పెద్దవవుతాయి. లోపల గడ్డి పరుచుకున్న గూడు ఉంటుంది. చాలావరకు రోజంతా ఈ బొరియకి కూతవేటు దూరంలోనే తిరుగుతుంది, ఎందుకంటే పైన గద్ద, కింద నక్క లాంటి కయోటీ, పక్కన పాము, ఏ క్షణాన ఏది వస్తుందో తెలీదు.

ఏడాది లెక్క మనకి కొంచెం తిరగేసి ఉంటుంది. చలి పూర్తిగా పోకముందే, జనవరి ఫిబ్రవరి ప్రాంతంలో పెద్ద మగవి ముందు బయటికి వస్తాయి, తర్వాత ఆడవి. వానలకి కొండలు పచ్చగా ఉండే ఆ రెండు మూడు నెలల్లోనే జత కట్టడం, పిల్లల్ని కనడం అన్నీ. కడుపుతో ఉండేది నెలే. ఏడాదికి ఒక్కటే కాన్పు, ఏడెనిమిది దాకా పిల్లలు. కళ్ళు తెరవడానికే ఐదు వారాల దాకా పడుతుంది, తర్వాత ఇంకొన్నాళ్ళకి బయటికి వస్తాయి. ఆ తర్వాత ఎండలు ముదిరి గడ్డి బంగారు రంగుకి తిరిగేసరికి పెద్దవి బాగా కొవ్వు పట్టి ఉంటాయి, ఒక్కొక్కటీ బొరియలోకి పోయి పడుకుంటాయి, ఎండాకాలం నిద్ర అలాగే చలికాలం నిద్రలోకి కలిసిపోతుంది కొన్ని చోట్ల. ఒళ్ళు చల్లబడిపోతుంది, గుండె బాగా నెమ్మదిస్తుంది. కానీ ఆ ఏడు పుట్టిన పిల్లలు పడుకోవు, వాటికి ఇంకా ఒళ్ళు పెరగాలి కదా. అందుకే అక్టోబర్ నవంబర్‌లో మీరు ట్రైల్ మీద చూసేవాటిలో చాలా మటుకు చిన్నవాళ్ళే. సముద్రం దగ్గర చలి తక్కువ కాబట్టి అక్కడ ఏడాది పొడుగునా ఎవరో ఒకరు కనిపిస్తూనే ఉంటారు.

తిండి అంటే చలికాలం, వసంతంలో పచ్చగడ్డి, ఆకులు, పూలు, తర్వాత గింజలు, ఓక్ కాయలు. రెండు బుగ్గల్లో సంచులుంటాయి, వాటినిండా కుక్కుకుని ఇంటికి మోసుకెళ్తుంది. పురుగుల్ని తింటుంది, పక్షి గుడ్డు దొరికితే వదలదు. అంతవరకే తెలుసు చాలామందికి, ఉడుత అంటే గింజలు తినేదే అని. 2024 వేసవిలో ఏం జరిగిందంటే, ఇక్కడికి దగ్గర్లోనే, కాంట్రా కోస్టా కౌంటీలో బ్రయోన్స్ రీజనల్ పార్క్ ఉంది కదా, అక్కడ జెనిఫర్ స్మిత్ అనే ప్రొఫెసర్ టీమ్ వీటిని పన్నెండో ఏడాది గమనిస్తున్నారు. ఆ ఏడు వోల్ అని చిన్న గడ్డి ఎలుక ఉంటుంది, అది విపరీతంగా పెరిగిపోయింది. ఫీల్డ్‌లో ఉన్న స్టూడెంట్స్ వచ్చి చెప్పారు, ఉడుతలు వాటిని వేటాడి తింటున్నాయని. నమ్మలేదట, వీడియో చూసి నమ్మారు. నేలకి కరుచుకుని పొంచి ఉండటం, వెంటాడటం, దూకి మెడ కొరకడం, నోట కరుచుకుని పరిగెత్తడం, దాన్ని లాక్కోవడానికి ఇంకో ఉడుత వెంటపడటం. జూన్, జూలైలో 74 సార్లు వోల్స్‌తో వీటి వ్యవహారం రికార్డ్ చేస్తే అందులో 42 శాతం నిజంగా వేటే. మగా, ఆడా, పెద్దా, చిన్నా అన్నీ చేశాయి. స్మిత్ గారు, ఆవిడతో పనిచేసిన సోన్యా వైల్డ్ గారు అదే డిసెంబర్‌లో పేపర్ వేశారు.

నాకు ఇందులో నచ్చింది రక్తం సంగతి కాదు. వందేళ్ళకి పైగా మనుషులు ఈ జంతువుని చదువుతున్నారు, లక్షలమంది దాని పక్కనుంచి రోజూ నడుస్తున్నారు, అయినా దాని తిండి గురించే మనకి పూర్తిగా తెలీదు. తిండి ఎక్కడ ఎక్కువుంటే అటు మళ్ళుకునే తెలివి దానిలో ఉంది, మనం చూడలేదు అంతే.

సరే, ఇప్పుడు పాము దగ్గరికి వద్దాం, పిల్లలు దీనికోసమే వచ్చారని నాకు తెలుసు.

ఇక్కడి కొండల్లో ఉండేది నార్తర్న్ పసిఫిక్ రాటిల్‌స్నేక్. తోక చివర గిలక ఉంటుంది, విషపు పాము. వేసవి మొదట్లో దాని తిండిలో పెద్ద భాగం ఈ ఉడుత పిల్లలే. హెన్రీ ఫిచ్ అనే ఆయన మడేరా కౌంటీలో శాన్ వాకీన్ ఎక్స్‌పెరిమెంటల్ రేంజ్ అనే చోట 1930ల చివరి నుంచి ఏళ్ళ తరబడి అటు పాముల్నీ ఇటు ఉడుతల్నీ లెక్కపెట్టి రాశాడు ఇదంతా. ఇప్పుడు మామూలుగా ఏ చిన్న జంతువైనా విషపు పాము కనపడితే ఏం చేస్తుంది, పారిపోతుంది. ఇది దగ్గరికి వెళ్తుంది. ఒళ్ళు సాగదీసి, మెడ ముందుకి చాచి, తోకని అటూ ఇటూ జెండా ఊపినట్టు ఊపుతూ వెళ్తుంది. కాళ్ళతో మట్టి, రాళ్ళు పాము మొహం మీదకి చిమ్ముతుంది. ఒక్కోసారి కొరుకుతుంది కూడా.

అంత ధైర్యం ఎక్కడిదంటే పెద్ద ఉడుత రక్తంలోనే ఆ విషాన్ని కట్టేసే ప్రోటీన్లు ఉన్నాయి. డేవిస్ యూనివర్సిటీలో డొనాల్డ్ ఓయింగ్స్, రిచర్డ్ కాస్ అని ఇద్దరు దశాబ్దాల పాటు ఈ పాము ఉడుతల గొడవ మీదే పనిచేశారు, వాళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళు ఇంకెంతోమంది. పాములు ఎక్కువున్న చోటి ఉడుతలకి ఈ తట్టుకునే శక్తి ఎక్కువ, పాములు లేని చోట తక్కువ. కాటు పడితే ఏమీ కాదని కాదు, పుండు పడుతుంది, బాధ పడుతుంది, కానీ పెద్దదైతే బతికే అవకాశం చాలా ఉంది. పిల్లకి ఆ అవకాశం లేదు, దాని చిన్న ఒంట్లో అంత విషానికి సరిపడా రక్తం లేదు. అందుకే తల్లి వెళ్ళి పాము ముందు నిలబడుతుంది. పిల్లలున్న తల్లులే ఎక్కువ తెగిస్తాయి, ఇది మళ్ళీ మళ్ళీ చూసిన విషయం. పాము కూడా ఊరుకోదు, ఏ ప్రాంతం పాము విషం ఆ ప్రాంతం ఉడుతల మీద బాగా పనిచేసేలా మారుతూ వచ్చిందని తర్వాత వచ్చిన స్టడీలు చెప్తున్నాయి. అంటే వేల వేల ఏళ్ళుగా ఈ రెండూ ఒకదాన్నొకటి మార్చుకుంటూ వస్తున్నాయి.

ఇప్పుడు ఆ తోక ఊపడం సంగతి. రాటిల్‌స్నేక్‌కి కంటికీ ముక్కుకీ మధ్యలో చిన్న గుంటలుంటాయి, వాటితో అది వేడిని పసిగడుతుంది, చీకట్లో కూడా వెచ్చటి ఒళ్ళు ఎక్కడుందో తెలుస్తుంది దానికి. 2007లో ఆరన్ రండస్ అనే రీసెర్చర్ థర్మల్ కెమెరా పెట్టి చూశాడు. రాటిల్‌స్నేక్ ముందు తోక ఊపేటప్పుడు ఉడుత తోక వేడెక్కుతోంది, రక్తం ఎక్కువగా అటు పంపుతోంది. అదే గోఫర్ స్నేక్ అని ఇంకో పాము ఉంది, దానికి విషం లేదు, వేడి పసిగట్టే గుంటలూ లేవు, దాని ముందు కూడా తోక ఊపుతుంది కానీ వేడెక్కించదు! ఏ పాముకి ఏ భాష అర్థమవుతుందో దానికి ఆ భాషలోనే చెప్తోంది అన్నమాట. మరి పాముకి నిజంగా ఆ వేడి అందుతోందా, దానివల్ల ఏమైనా మారుతోందా అని తేల్చడానికి ఉడుతని వాడితే తోక ఊపు, వేడి రెండూ కలిసే వస్తాయి, విడదీయలేం. అందుకని ఇంజనీరింగ్ వైపు నుంచి సంజయ్ జోషి గారనే ప్రొఫెసర్ కలిశారు, తోకని విడిగా వేడి చేయగల రోబో ఉడుతని తయారుచేశారు. చల్లటి తోక ఊపితే ఒక రకం, వేడి తోక ఊపితే పాము దాడి ఆలోచన మానేసి తనని తాను కాపాడుకునే పద్ధతిలోకి ఇంకా ఎక్కువగా పోయింది. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది ఇంజనీర్లే కాబట్టి చెప్తున్నాను, ఒక్క ప్రశ్న తేల్చడానికి ఒక బొమ్మని కట్టడం, ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి చూడటం, నాకు తెలిసిన చక్కటి ప్రయోగాల్లో ఇదొకటి.

ఇంకోటి. పాము విడిచిన కుబుసం దొరికితే ఉడుత దాన్ని నమిలి, ఆ ఎంగిలితోనే ఒళ్ళంతా నాకుకుంటుంది, ముఖ్యంగా తోక. బార్బరా క్లూకస్ గారు 2008లో ఇది వివరంగా రాశారు. ఆడవి, పిల్లలు ఎక్కువ చేస్తాయి, మగవి తక్కువ. రాత్రి బొరియలో పడుకున్నప్పుడు పాము వాసన చూసుకుంటూ వస్తే పాము వాసనే దానికి తగులుతుంది, ఉడుత వాసన మరుగున పడుతుంది. గిలక చప్పుడుని బట్టి కూడా పాము ఎంత పెద్దదో, ఒళ్ళు వేడెక్కి చురుగ్గా ఉందో లేక చలికి మందంగా ఉందో పోల్చుకుంటాయి, స్పీకర్‌లో చప్పుడు వినిపించి మరీ చూశారు. పెద్ద పాము, వెచ్చటి పాము చప్పుడికి ఎక్కువ జాగ్రత్తపడతాయి. ఇన్ని ఏర్పాట్లు అరకిలో ఒంట్లో.

వాటి అరుపులు కూడా వినండి ఈసారి వెళ్ళినప్పుడు. గద్ద లాంటిది పైనుంచి వస్తే ఒక్క ఈల, అందరూ కన్నంలోకి. కయోటీనో కుక్కో నేల మీద వస్తే గబగబా వరసగా కిచకిచలు, అప్పుడు నిలబడి చూస్తాయి, ఎత్తు మీదకి పోతాయి. మీ కుక్కని చూసి అరిచేది ఈ రెండోదే.

ఇక ఈ జంతువు ఉంటే ఎవరెవరు బతుకుతున్నారో చెప్తాను. నేలలో ఉండే గుడ్లగూబ ఉంది, బరోయింగ్ ఔల్ అంటారు, జానెడు ఎత్తుంటుంది, కాళ్ళు పొడుగు. కాలిఫోర్నియాలో చాలావరకు అది సొంతంగా బొరియ తవ్వుకోదు, ఈ ఉడుత తవ్వి వదిలేసిన దాంట్లో కాపురం పెడుతుంది. బెదిరితే బొరియ లోపల్నుంచి అచ్చం రాటిల్‌స్నేక్ గిలకలా చప్పుడు చేస్తుంది. వీటి సంఖ్య ఎంత పడిపోయిందంటే 2024 అక్టోబర్‌లో రాష్ట్రం వీటిని అంతరించిపోయే జాతుల చట్టం కింద కాండిడేట్‌గా, అంటే ఆ జాబితాలో చేర్చాలా వద్దా అని పరిశీలించడానికి, తీసుకుంది. కాలిఫోర్నియా టైగర్ సలమాండర్ అని పసుపు మచ్చల ఉభయచరం, అది వానలకి మాత్రమే బయటికి వచ్చి ఏడాదిలో ఎక్కువ భాగం ఈ బొరియల్లోనే ఉంటుంది, అవి లేకపోతే ఎండకి ఎండిపోతుంది. ఎర్రకాళ్ళ కప్ప కూడా తలదాచుకుంటుంది. ఆల్టమాంట్ వైపు కారులో వెళ్తూ గాలిమరల దగ్గర పైన తిరిగే గోల్డెన్ ఈగల్స్‌ని చూసి ఉంటారు, వాటి ప్రధానమైన తిండి ఈ ఉడుతే. దీన్ని తీసేస్తే వీళ్ళందరి కిందా నేల పోయినట్టే.

అలాంటి జంతువుని తీసేయడానికి ఈ రాష్ట్రం చాలా కష్టపడింది. కారణాలు లేవని అనను. 1900లో శాన్ ఫ్రాన్సిస్కోకి ప్లేగు వచ్చింది, 1908కి అది కాంట్రా కోస్టా కొండల్లో ఈ ఉడుతల్లో ఉందని తేలింది. ఓడ ఎలుకల నుంచి ఫ్లీ అనే చిన్న పురుగు ద్వారా వీటికి అంటుకుంది. జార్జ్ మెకాయ్ అనే డాక్టర్ వీటిని పరీక్షిస్తూ ఉండగానే 1911లో ట్యులేర్ కౌంటీ ఉడుతల్లో ప్లేగు లాంటి ఇంకో కొత్త జబ్బు బయటపడింది, దానికే తర్వాత తులరీమియా అని ఆ కౌంటీ పేరు వచ్చింది. ఇటు రైతులకి పంట నష్టం. అప్పుడు 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, రాష్ట్రం స్క్విరెల్ వీక్ అని పెట్టి స్కూలు పిల్లల్ని ఉడుతల్ని చంపమంది. పోస్టర్ల మీద ఉడుతకి జర్మన్ సైనికుడి టోపీ పెట్టి శత్రువుగా వేశారు. తోకలు కోసి తెచ్చిన పిల్లలకి బహుమతులు. ఒక్క వారంలో లక్షకి పైగా తోకలు వచ్చాయి. విషం కలిపిన బార్లీ గింజలు పంచారు. పదేళ్ళ పిల్లల చేత చేయించారు ఈ పని, నాకు ఆ పోస్టర్ చూస్తే ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది.

రైతుల మాట కూడా చెప్పాలి న్యాయంగా. బాదం, పిస్తా తోటల్లో నష్టం నిజం, మొక్కల బెరడు కొరికేస్తాయి, డ్రిప్ పైపులు కొరికేస్తాయి. శాక్రమెంటో నది డెల్టా వైపు కరకట్టలకి బొరియలు పడితే నీళ్ళు ఊరడం మొదలవుతుంది, అది ప్రాణాల మీదకి వచ్చే విషయం. మన గోదావరి, కృష్ణా కరకట్టల దగ్గర పెరిగినవాళ్ళకి ఎలక బొరియ, పీత బొరియ అంటే ఎంత భయమో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ వాటిని ఉండనివ్వకూడదు, ఒప్పుకుంటాను. కానీ కరకట్ట వేరు, ఖాళీ కొండ వేరు. అన్ని చోట్లా ఒకే మందు చల్లితే చచ్చిన ఉడుతని తిన్న గద్ద, నక్క, గుడ్లగూబ ఒంట్లోకి కూడా ఆ విషం పోతుంది. అందుకే డైఫాసినోన్ అనే విషం వాడకం మీద 2024 నుంచి రాష్ట్రంలో చాలా ఆంక్షలు వచ్చాయి.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ప్రేక్షకుల్లోంచి ఒకావిడ: మా పిల్లలు పార్కులో పల్లీలు వేస్తారండీ, అంత చిన్నదానికి వేస్తే తప్పేంటి?)

అమ్మా, ప్రేమతోనే వేస్తారు, నాకు తెలుసు. మన ఇళ్ళల్లో పిట్టకి గింజలు వెయ్యమని నేర్పిస్తారు, మంచి అలవాటే. కానీ ఇక్కడ అందరూ వేసే చోట ఏమవుతుందంటే, అవి ఒకే దగ్గర గుమిగూడతాయి, మామూలుగా ఆ నేల మొయ్యగలిగేదానికంటే ఎక్కువ. బొరియలు పెరుగుతాయి, గట్లు కూలతాయి, అప్పుడు అధికారులు చంపడం గురించి ఆలోచిస్తారు. బర్క్‌లీలో సీజర్ చావెజ్ పార్క్ ఉంది కదా, అది పాత చెత్త డంప్ మీద కట్టింది, పైన మట్టి పొర వేసి మూశారు, ఉడుతలు తవ్వితే ఆ పొర పోయి లోపలిది బేలోకి వస్తుందేమోనని 2014లో వాటిని చంపాలని అనుకున్నారు. జనం గట్టిగా వ్యతిరేకించారు. కానీ అక్కడ అన్ని ఉడుతలు చేరడానికి జనం వేసే తిండి కూడా ఒక కారణం. పైగా మనిషి అంటే భయం పోయిన ఉడుత చెయ్యి కొరుకుతుంది, దాని తప్పు కాదు, పల్లీ ఎక్కడ అయిపోయిందో వేలు ఎక్కడ మొదలైందో దానికి తెలీదు. వెయ్యకండి, దూరం నుంచి చూడమనండి.

(ఒకాయన: మా బ్యాక్‌యార్డ్ కొండకి ఆనుకుని ఉంది. టమాటాలు, బెండ, గోంగూర, ఒక్కటి మిగల్చట్లేదు. బోను పెట్టి పట్టి పైన వదిలేద్దామనుకుంటున్నా.)

అది చెయ్యకండి, అనుమతి లేకుండా పట్టిన జంతువుని ఇంకోచోట వదలడం ఇక్కడ చట్ట ప్రకారం కుదరదు. వదిలినా ఆ కొత్త చోట దానికి బొరియ లేదు, ఎవరూ రానివ్వరు, చాలావరకు చచ్చిపోతుంది. రెయిజ్డ్ బెడ్ కట్టేటప్పుడే అడుగున ఇనప మెష్ పరిచి దానిమీద మట్టి పొయ్యండి, బట్టలాంటి నెట్ కాదు, గట్టి ఇనప జాలీ, పక్కలూ పైనా కూడా ఫ్రేమ్ కట్టి జాలీ వెయ్యండి, ఎందుకంటే ఎక్కుతుంది కదా. కట్టెల కుప్పలు, రాళ్ళ కుప్పలు తీసెయ్యండి, అది నిలబడి అటూ ఇటూ చూసుకునేది వాటి మీదే, పొదలు పాకుతుంటే కత్తిరించండి. రాలిన పళ్ళు ఏ రోజుకారోజు ఏరెయ్యండి. గోంగూర బయట ఉంచినా పర్లేదేమో చూడండి, టమాటాలు మాత్రం లోపల పెట్టాల్సిందే.

(ఒక పాప: పాము బొరియలో ఉంటుందా ఇప్పుడు కూడా?)

ఉండొచ్చమ్మా, ఉడుత బొరియల్లో రాటిల్‌స్నేక్‌లు కూడా తలదాచుకుంటాయి. అందుకని ఏ కన్నంలోనూ చెయ్యి పెట్టకూడదు, కర్ర కూడా పెట్టి కెలకకూడదు. నాన్నగారికి చెప్పు, కుక్కని లీష్ మీదే ఉంచమని, అది కన్నంలో మూతి పెట్టకుండా చూడమని. చచ్చిపోయిన ఉడుత కనిపిస్తే ముట్టుకోకండి, దాని మీది ఫ్లీ పురుగులు మీ మీదకి దూకుతాయి, పార్కు వాళ్ళకి చెప్తే వాళ్ళు చూసుకుంటారు. నీకు ఉడుతలు తోక ఊపుతూ కనిపించాయనుకో, అన్నీ ఒకేవైపు చూస్తూ ఊపుతున్నాయనుకో, అక్కడే ఆగిపో, అటు అడుగు వెయ్యకు. ఆ గడ్డిలో పాము ఉన్నట్టే.